తలుపు తీసి ఉంచిన గంట

పొద్దున లేవగానే టైలరమ్మ చేసే మొదటి పని ఇంట్లో సామాను లెక్కపెట్టుకోవడం. జుట్టు ముడేసుకుంటూ హాల్లోకి వచ్చి, కొట్లో బొత్తాలు లెక్కపెట్టినట్టు ఒక్కోదాన్నీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టేది. బల్ల ఉంది. బీరువా ఉంది గానీ నిన్న పెట్టినచోట లేదు, కట్టిన తాడు బిగుసుకుపోయేదాకా తలుపు వైపు మూడడుగులు వచ్చి ఆగింది. చెక్క కుర్చీలు రెండున్నాయి. మూడోది ఎలాగో ముడి విప్పుకుని బాల్కనీలోకి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

"ఏవండీ, స్టూలు కనబడటం లేదు!"

"చెప్పుల స్టాండు వెనకాల చూడు. నిన్నా అక్కడే నక్కింది," అని మొగుడు స్నానాల గదిలోంచి కేకేసేవాడు.

"అసలు చెప్పుల స్టాండే లేదండీ!"

ఇంక ఆ మహానుభావుడు ఒంటిమీద సబ్బు నురగతోనే టవలు చుట్టుకుని మెట్ల మీదకి పరుగు. రెండో అంతస్తు దిగేసరికి అక్కడి ఫ్లాటు మాస్టారు చెప్పుల స్టాండుని చెవి పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడి ఉండేవాడు. ఆయన రిటైరై ఏడేళ్లయింది. పిల్లల్ని పట్టుకునే అలవాటు చేతుల్లో అలాగే ఉండిపోయింది.

"ఇదిగోనయ్యా, మీ స్టాండు. చెప్పులతో సహా వెళ్లిపోతోంది," అనేవాడు.

సెకండ్ హ్యాండ్ సామాను కొన్నవాళ్లకి ఈ తిప్పలు నేను చెప్పక్కర్లేదు. ఒక ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్న బల్లని తెచ్చి ఇంకో ఇంట్లో పడేస్తే అది ఒక్కరోజులో కుదురుకుంటుందా? పాత ఇంటికి పోదామని చూస్తుంది. అందుకే ఎవరైనా కొన్నాళ్లు కిటికీ కమ్మీలకి కట్టేసి ఉంచుతారు. నెలా రెండు నెలలకి మెత్తబడుతుంది. డబ్బున్నవాళ్లు కొత్త సామాను కొనుక్కుని హాయిగా ఉంటారు, కొత్త కుర్చీకి వెళ్లడానికి వేరే ఇల్లు తెలియదు కదా. మనవాళ్లకి అంత భాగ్యమెక్కడిది!

టైలరమ్మ మొగుడు లిఫ్టు మెకానిక్. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చెయ్యి పడితేగానీ కదలవు, కానీ తను కొనుక్కున్న ఫ్లాటు లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు. లిఫ్టు ఉంటే ఆ రేటుకి రాదు మరి. పన్నెండేళ్లు అద్దె గదుల్లో కాపురం చేశారు. చివరి ఇంటి ఓనరు గోడకి కొట్టిన మేకులు లెక్కపెట్టి మరీ వసూలు చేశాడు. అందుకే తాళంచెవి చేతికొచ్చిన రోజు మెకానిక్ చేసిన మొట్టమొదటి పని, ఖాళీ హాల్లో గోడ మధ్యన ఒక మేకు కొట్టడం. తగిలించడానికి ఏమీ లేదు. ఊరికే కొట్టాడు. ఇద్దరూ ఆ మేకు కింద నేలమీద కూర్చుని, ఫ్లాస్కు మూతలో టీ పంచుకుని తాగారు.

చేతిలో చిల్లిగవ్వ మిగల్లేదు, ఇల్లేమో బోసిగా ఉంది. టైలరమ్మ ఊరుకునే మనిషి కాదు. రంగుల కొట్లో ఎవరో కలిపించుకుని నచ్చక వదిలేసిన డబ్బాలు సగం ధరకి ఇస్తారని తెలిసి, నాలుగు డబ్బాలు తెచ్చింది. నాలుగు గోడలకీ నాలుగు రంగులు. కర్టెన్లకి తను పనిచేసే కొట్లో మిగిలిన జాకెట్టు లైనింగు ముక్కలు ఏరుకొచ్చి అతికి కుట్టింది. ఒక్కో కర్టెన్లో ముప్ఫై నలభై రంగులు. మెకానిక్ ఒక పాత లిఫ్టు విప్పినప్పుడు అందులోని నిలువుటద్దం అడిగి తెచ్చుకున్నాడు. దాని ముందు ఎవరు నిలబడ్డా, ఆఫీసుకి పోతున్నట్టు ఓసారి జుట్టు సర్దుకునేవాళ్లు.

మెకానిక్ అక్క వచ్చి ఇల్లంతా చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏమిటే మరదలా, ఈ గోడ చూస్తే ఆస్పత్రిలా ఉంది, ఆ గోడ చూస్తే ఐస్‌క్రీమ్ బండిలా ఉంది!"

"మధ్యలో నిలబడి చూడండి వదినా, అలవాటైపోతుంది," అంది టైలరమ్మ. లోపల మాత్రం ఒళ్లు మండింది.

అక్కడిదాకా బాగానే ఉంది. అసలు పొరపాటు సామాను దగ్గర జరిగింది. పాత సామాన్ల కొట్టతను మొదటే చెప్పాడు. "ఒకే ఇంటి సెట్టు తీసుకోండి సార్. ఒకదాన్ని చూసి ఒకటి సర్దుకుంటాయి. రేటు కాస్త ఎక్కువనుకోకండి."

మెకానిక్ చెవిన పెడితేనా! లిఫ్టులో ప్రతి బోల్టూ విడిగా బిగించి చూసే మనిషాయె. ఒక్కో రకంలోనూ గట్టిదేదో, చవకదేదో వెతుక్కుంటూ, ప్రతిదానికీ బేరమాడుతూ పొద్దుపోయేదాకా కొట్టంతా తిరిగాడు. ఇంటికి పదకొండు వస్తువులొచ్చాయి. పదకొండూ పదకొండు ఇళ్లవి. ఇంక చూస్కోండి, ఒకటి తూర్పుకి లాగితే ఒకటి పడమటికి. ఒకదాన్ని చూసి ఒకటి రెచ్చిపోవడమే తప్ప నేర్చుకున్నదేమీ లేదు.

మామూలు రోజుల్లో అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్లే. ఈసారి నవ్వే పరిస్థితి కాదు. ఇంకో ఇరవై రోజుల్లో ఇల్లు చూడటానికి పిల్లల హోమ్ నుంచి ఆఫీసరమ్మ వస్తోంది.

వాళ్లకి పిల్లల్లేరు. తిరగని డాక్టరు లేడు, చివరికి తిరగడం మానేశారు. రెండేళ్లుగా ఆదివారాలు ఆ హోమ్‌కి వెళ్తున్నారు. అక్కడొక ఆరేళ్ల పిల్ల. మొదటిసారి చూసినప్పుడు అందరు పిల్లలూ ఆటస్థలంలో ఉంటే ఇది గేటు దగ్గర నిలబడి, వచ్చేపోయేవాళ్లని చూస్తోంది. టైలరమ్మ మెడలోని టేపు చూసి, "దాంతో నన్ను కొలుస్తావా?" అంది. కొలిచింది. వారం తర్వాత వెళ్తే, "మళ్లీ కొలువు, పెరిగానేమో," అంది. ఆ రోజు నుంచి టైలరమ్మకి ఆ పిల్ల తప్ప ఇంకో ధ్యాస లేదు. గౌను కుడుతున్నా, ఎవరి జాకెట్టు కుడుతున్నా చేతులకి ఆ పిల్ల కొలతలే వచ్చేవి. రెండుసార్లు కొట్టు యజమాని చేత చీవాట్లు కూడా తింది.

ఆ పిల్లని అంతకుముందు రెండిళ్లకి ఇచ్చారు. రెండిళ్లవాళ్లూ వెనక్కి తెచ్చి దింపేశారు. తలుపు తీస్తే చాలు బయటికి పోతుందట. పరిగెత్తి పట్టుకురావడంతోనే సరిపోతోందట. ఫైల్లో రెండుసార్లు ఒకటే మాట రాసుంది: ఇంట్లో నిలవదు.

"పద్ధతి మీకు తెలుసుగా," అంది ఆఫీసరమ్మ హోమ్‌లో వాళ్ల దత్తత దరఖాస్తు తీసుకుని, కళ్లజోడు పైకి తోసుకుంటూ. "సామాను లిస్టు రాసివ్వాలి. నేనొచ్చాక కట్లన్నీ విప్పాలి, తలుపు బార్లా తీయాలి. గంటసేపు చూస్తాం. మీరు సామాను ముట్టుకోకూడదు, గడప దాటకూడదు. పిల్లని కూడా తీసుకొస్తాం, బట్టల సంచితో సహా. అన్నీ నిలిస్తే పిల్లని ఆ పూటే వదిలి వెళ్తాం."

"నిలవకపోతే?" అన్నాడు మెకానిక్.

"మూడేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. సామానే నిలవని ఇంట్లో పిల్ల ఏం నిలుస్తుందండీ?"

"మూడేళ్లకి ఈ పిల్ల..."

"ఇక్కడుండదమ్మా. వచ్చే ఏడాది పెద్దపిల్లల హాస్టల్‌కి పంపించేస్తాం. అది వేరే ఊరు."

ఇద్దరూ ఇంటికొచ్చి చూస్తే బీరువా తాడు తెంపుకుని గుమ్మంలో అడ్డంగా ఒరిగి ఇరుక్కుని ఉంది. లోపలికి వెళ్లడానికి దాని కింది నుంచి దూరాల్సి వచ్చింది.

ఆ మర్నాటి నుంచి టైలరమ్మ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఉన్నచోట ఉండలేదు. పొద్దున బల్లని కిటికీ దగ్గరికి జరిపేది, సాయంత్రం గోడ దగ్గరికి జరిపేది. తినబోతూ లేచి అలమర తిప్పేది. చివరికి పాత సామాన్ల కొట్టతని దగ్గర చిరునామాలు తీసుకుని, పని అయ్యాక రోజుకో ఇల్లు తిరిగింది. "అమ్మా, మీ బీరువా నేను కొనుక్కున్నానండి. అది మీ ఇంట్లో ఎలా ఉండేదో కాస్త చెప్తారా?" అని అడిగితే ఎవరూ విసుక్కోలేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి చెప్పారు.

బీరువా పక్కన ముప్ఫై ఏళ్లు రేడియో మోగిందట. టైలరమ్మ కొట్లోని పాత రేడియో అడిగి తెచ్చి పక్కన పెట్టింది. వార్తలు మొదలయ్యేసరికి బీరువా తలుపులు సర్దుకుని గోడకి ఆనుకుంది. బల్ల ఒక హాస్టల్ మెస్‌లోది. నలుగురు మోచేతులు ఆనిస్తేగానీ దానికి తోచదు. పై ఫ్లాటులో ట్యూషన్ చెప్పే టీచర్ని బతిమాలితే సాయంత్రాలు పదిమంది పిల్లల్ని కిందికి పంపింది. వాళ్లు ఎక్కాలు బట్టీపడుతుంటే బల్ల కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. దాన్ని చూసి టీపాయ్ బుద్ధి తెచ్చుకుంది.

మంచం సంగతే కాస్త ఇబ్బంది. దాని పాత యజమానులు పొద్దున లేస్తే పోట్లాడుకునేవాళ్లట. ఈ ఇంటి నిశ్శబ్దంలో దానికి ఊపిరాడటం లేదు. తప్పుతుందా! రోజూ పొద్దున్నే పావుగంట మొగుడూ పెళ్లాం మంచం మీద కూర్చుని పోట్లాటకి దిగేవాళ్లు.

"దేని గురించి పోట్లాడదాం?" అనేవాడు మెకానిక్ ఆవులిస్తూ.

"మీ అక్క గురించి."

"వద్దే, అది నిజం పోట్లాటైపోతుంది."

"అయితే టూత్‌పేస్ట్ మూత గురించి మొదలెట్టండి."

అలా పది రోజులకి పది వస్తువులూ ఏదోలా దారికొచ్చాయి. చెప్పుల స్టాండు కూడా గుమ్మం దాకా పోయి, ఎందుకులే అన్నట్టు వెనక్కి వచ్చేసేది. మిగిలింది ఒక్కటే. పేము కుర్చీ.

చేతులున్న కుర్చీ, అల్లిక ఒకచోట సడలింది గానీ మనిషి కూర్చుంటే కదలనంత గట్టిది. అది మిగతావాటిలా పొద్దున్నంతా గొడవ చేసే రకం కాదు. నిక్షేపంగా మూల కూర్చుంటుంది. సరిగ్గా పావు తక్కువ నాలుగు అయ్యేసరికి లేస్తుంది. తాడు కట్టినా సరే, కమ్మీలు ఊడొచ్చేలా లాగుతుంది. తాడు లేకపోతే మెట్లు దిగి వెళ్లిపోతుంది. ఒకరోజు మాస్టారు రెండో అంతస్తులో పట్టుకున్నాడు. ఒకరోజు కిరాణా కొట్టు ముందు దొరికింది. ఒకరోజు మెకానిక్ పని మధ్యలో వదిలి పరిగెత్తుకొచ్చి, సందు మలుపులో రెండు చేతులా పట్టుకుని భుజానేసుకుని మోసుకొచ్చాడు. అది భుజం మీద కూడా కాళ్లు ఆడిస్తూనే ఉంది.

దాని పాత ఇల్లు వెతుక్కుంటూ టైలరమ్మ వెళ్తే అక్కడ ఇల్లే లేదు. పడగొట్టేసి కొత్త బిల్డింగు కడుతున్నారు. ఎదురుగా బండి మీద ఇస్త్రీ చేసుకునే ఆవిడ చెప్పింది.

"పేము కుర్చీనా? పెద్దావిడది. మనవడు స్కూలు బస్సు దిగే టైముకి సందు చివర ఆ కుర్చీలో కూర్చునేది. వాడు పెద్దవాడై ఉద్యోగంలో చేరినా ఈవిడ మానలేదు, ఈవిడ పోయినా కుర్చీ మానలేదు."

టైలరమ్మ ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఆ కుర్చీ ముందు నేలమీద కూలబడింది. మెకానిక్ వచ్చేసరికి ఏడుస్తోంది.

"దానికి కావాల్సింది మన దగ్గర లేదండీ. రేడియో అయితే తెచ్చాను. పిల్లని ఎక్కణ్ణించి తేను? పిల్ల వస్తేగానీ ఇది కుదురుకోదు, ఇది కుదురుకుంటేగానీ పిల్ల రాదు."

"ఆ ఒక్కరోజూ మాస్టారి ఫ్లాటులో పెట్టేద్దాం," అన్నాడు మెకానిక్.

"లిస్టులో పదకొండు అని రాసిచ్చారుగా మీరు!"

"ఉన్నవి రాయమన్నారు, రాశాను."

"పది అని రాస్తే మీ సొమ్మేం పోయేది?"

పక్కగదిలో మంచం కిర్రుమని సంబరపడింది. ఆఖరికి ఇద్దరూ ఆలోచించి, పొద్దుటి పూట రమ్మని ఆఫీసరమ్మని బతిమాలుకున్నారు. పదింటికి మొదలెడితే పదకొండుకి అయిపోతుంది, పేము కుర్చీ లేచే వేళకి పిల్ల ఇంట్లో ఉంటుంది. ఆవిడ సరేనంది. గురువారం పదింటికని రాసుకుంది.

గురువారం ఎనిమిదింటికే ఇల్లు తుడిచి, కర్టెన్లు దులిపి, ఇద్దరూ ఇస్త్రీ బట్టలేసుకుని కూర్చున్నారు. పది అయింది. పదకొండు అయింది. టైలరమ్మ మెట్ల దాకా ఇరవైసార్లు వెళ్లొచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను.

"ఆలస్యమవుతుందమ్మా," అంది ఆఫీసరమ్మ రొప్పుతూ. "పొద్దున చూసిన ఇంట్లో సోఫా బయటికి పోయింది. ఎక్కడికి పోతుందో రాసుకోవాలిగా, దాని వెనక రైల్వే గేటు దాకా నడిచాం. గేటు పడింది, ఇప్పుడందరం నిలబడి ఉన్నాం."

ఆవిడ వచ్చేసరికి మూడు దాటింది. వెనకాల అటెండరు, ఆయన వేలు పట్టుకుని పిల్ల. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో ఆఫీసరమ్మ గోడ గడియారం చూసింది. "మూడూ అయిదు. నాలుగూ అయిదు దాకా. కట్లు విప్పండి."

టైలరమ్మ మంచినీళ్లు అందించింది. "మేడమ్, అలసిపోయినట్టున్నారు. రేపు పొద్దున పెట్టుకుందామా?"

"రేపట్నుంచి నేను రెండు నెలలు ట్రైనింగుకి పోతున్నానమ్మా. ఇవాళ కాకపోతే ఈ ఏడాదికి లేనట్టే."

మెకానిక్ పెళ్లాం మొహం చూడకుండా వంగి తాళ్లు విప్పాడు. తలుపు బార్లా తీశాడు.

మొదటి అరగంట ఇల్లు పరువు నిలబెట్టింది. రేడియోలో ఎవరో వ్యవసాయం గురించి మాట్లాడుతుంటే బీరువా బుద్ధిగా విన్నది. ఆఫీసరమ్మ మోచేతులు ఆనించి కాగితాలు పరుచుకుంటే బల్ల పొంగిపోయింది. పడగ్గదిలో మంచం ఒకసారి కదిలినట్టు చప్పుడైతే మొగుడూ పెళ్లాం కంగారుగా టూత్‌పేస్ట్ మూత గురించి మొదలెట్టారు.

"మీరిద్దరూ రోజూ ఇంతేనా?" అంది ఆఫీసరమ్మ కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"లేదు మేడమ్, పొద్దున ఒక్క పావుగంట," అన్నాడు మెకానిక్.

పిల్ల గుమ్మం పక్కనే నేలమీద కూర్చుంది. చూపు తలుపు మీదా, చెయ్యి కర్టెన్ మీదా. "ఇదెవరిది?" అని ఒక నీలం ముక్క పట్టుకుంది.

"బ్యాంకులో పనిచేసే ఆవిడ జాకెట్టుది," అని టైలరమ్మ పక్కన చతికిలబడింది.

"ఇదీ?"

"అది పెళ్లికూతురిది. రెండుసార్లు వదులు చేయించుకుంది."

"నాది లేదా ఇందులో?"

"కుడతాను," అంది టైలరమ్మ. గడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. పావు తక్కువ నాలుగు.

పేము కుర్చీ లేచింది. టీపాయ్ పక్కనుంచి, ఆఫీసరమ్మ కాళ్ల ముందు నుంచి, ఎవరినీ పట్టించుకోకుండా తలుపు వైపు నడిచింది. టైలరమ్మ చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది.

"ముట్టుకోకే!" అన్నాడు మెకానిక్.

చెయ్యి గాల్లో ఆగిపోయింది. వేళ్లకి బెత్తెడు దూరంలో కుర్చీ గడప దాటింది. పిల్ల లేచి నిలబడి కుర్చీని చూసింది, టైలరమ్మని చూసింది, మళ్లీ కుర్చీని చూసింది. ఒక్క గెంతులో గడప దాటి దాని వెనక మెట్లు దిగింది.

"గడప దాటితే ఇక్కడితో ఆపేయాలమ్మా!" అని ఆఫీసరమ్మ గట్టిగా అనకపోతే టైలరమ్మ దూకేసేదే.

"చిన్నపిల్ల మేడమ్! రోడ్డు!"

"నువ్వు వెళ్లు," అని ఆఫీసరమ్మ అటెండర్ని తరిమింది. "పిల్లకి ఏమీ కాకుండా చూసుకో. అంతేగానీ వెనక్కి పిలవకు, చెయ్యి పట్టుకోకు."

వంటింటి కిటికీలోంచి కిరాణా కొట్టు దాకా కనిపిస్తుంది. ముందు కుర్చీ, దాని చెయ్యి పట్టుకుని పిల్ల, పదడుగుల వెనక అటెండరు. సందు మలుపు తిరిగారు. అంతే.

టైలరమ్మ వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరిగింది. కూర్చుంటే కాళ్లు ఆగలేదు, నిలబడితే ఒళ్లు ఆగలేదు. జరపడానికి బల్ల ముట్టుకోబోయి చేతులు వెనక్కి కట్టుకుంది. మెకానిక్ గోడకి ఆనుకుని గోళ్లు కొరుక్కున్నాడు. పదేళ్ల పిల్లాడు కొరుక్కున్నట్టు కొరుక్కున్నాడు. మిగతా పది వస్తువులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. చెప్పుల స్టాండు కూడా కదల్లేదు. ఇప్పుడు అవి నిలిచి మాత్రం ఏం లాభం!

నాలుగూ అయిదు అయింది. ఆఫీసరమ్మ నిట్టూర్చి, "గంట అయింది. తలుపు వేసుకోవచ్చు," అంది. మెకానిక్ వెళ్లి తలుపు వేశాడు. గడియ కూడా పెట్టాడు, ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియదు. ఆఫీసరమ్మ ఫారంలో పదకొండో వరస దగ్గర పెన్ను ఆనించి 'వెళ్లిపోయింది' అన్న గడిలో గుర్తు పెట్టింది. ఆ తర్వాత పిల్ల ఫైలు తీసింది.

"మేడమ్," అంది టైలరమ్మ. ఏడుపు ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు. "అందులో ఏం రాయకండి. దానంతట అది పోలేదు, మా కుర్చీ వెనక వెళ్లింది. తప్పు మా కుర్చీది. మాకు ఇవ్వకపోతే ఇవ్వకండి. మూడోసారి కూడా నిలవదని రాస్తే దాన్ని ఇంకెవరూ అడగరు."

"చూసింది రాయాలిగా అమ్మా. నాకేమన్నా సరదానా?" అంది ఆఫీసరమ్మ. అంటూనే కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది, పెన్ను పట్టుకుంది.

తలుపు దబదబా మోగింది.

"తలుపు తియ్యండి!"

ఆఫీసరమ్మే అలవాటుకొద్దీ, "ఎవరూ?" అంది.

"మేమే!"

"మేమే అంటే ఎవరు?"

బయట ఒళ్లుమండిన గొంతు. "మేమేనంటే మేమే! తలుపెందుకు వేసుకున్నారు, మేమింకా రాందే? దీనికి నాలుగు కాళ్లూ నొప్పులు!"

మెకానిక్ ఒక్క ఉదుటున వెళ్లి గడియ తీశాడు. తలుపు తెరుచుకోగానే పిల్ల గుమ్మంలో విసుగ్గా నిలబడి ఉంది, వెనక పేము కుర్చీ, ఇంకా వెనక కమ్మీ పట్టుకుని రొప్పుతూ అటెండరు. కుర్చీ లోపలికొచ్చి తన మూలలో కూర్చుంది. పిల్ల వచ్చి అందులో కూర్చుంది.

"నేను ముట్టుకోలేదు మేడమ్," అన్నాడు అటెండరు. "కుర్చీ సందు మలుపు అవతల బస్టాపులో ఆగితే ఈ పిల్ల ఎక్కి కూర్చుంది. స్కూలు బస్సొచ్చింది, పిల్లలందరూ దిగిపోయారు. బస్సు వెళ్లిపోగానే కుర్చీ వెనక్కి బయల్దేరింది. మెట్ల దగ్గర ఈ పిల్లే ముందు ఎక్కింది. ఏ తలుపో నేను మర్చిపోయాను గానీ ఇది మర్చిపోలేదు."

మెట్ల మీద నుంచి మాస్టారు గొంతు వినిపించింది. "మనం ఎప్పుడూ సగం దారిలోనే పట్టుకొచ్చేశాం కదయ్యా! పూర్తిగా పోనిచ్చిందెప్పుడు?"

ఆఫీసరమ్మ ఫారం వైపు చూసింది. నిలిచింది అని ఒక గడి, వెళ్లిపోయింది అని ఒక గడి. మూడో గడి లేదు. పెట్టిన గుర్తు కొట్టేసి, గడుల పక్కన ఖాళీలో ఏదో రాసి సంతకం పెట్టింది. పిల్ల ఫైలు ఏమీ రాయకుండానే మూసేసింది.

"పిల్ల బట్టల సంచి ఆటోలోనే ఉందా?" అని అటెండర్ని అడిగింది. "పైకి తీసుకురా."

"మళ్లీ మూడంతస్తులా మేడమ్!" అని ఆయన మెట్ల వైపు తిరిగాడు.

"అది నా సంచి, నేనూ వస్తా," అని పిల్ల కుర్చీలోంచి దూకి, ఎవరినీ అడక్కుండా గడప దాటి పరిగెత్తింది. మెకానిక్ ఆపడానికి లేవబోయాడు. టైలరమ్మ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. తలుపు తీసే ఉంచి, పిల్ల వచ్చేసరికి తినడానికి ఏమన్నా ఉండాలిగా అనుకుంటూ వంటింట్లోకి వెళ్లి బ్రెడ్డు కోసింది.